పాలు తాగిన తేగలు

మా మామ్మ సన్యాసమ్మ క్యాలెండరు చూడదు. ఆవిడకి ముక్కుంది. వానలు వెనకపట్టిన ఏదో ఒక పొద్దున గుమ్మంలో నిలబడి గాలి పీల్చి, "ఓలి గుంటా, కొండ మీంచి సీతాపలాలు దిగినాయే" అంటుంది. గుంటంటే మా వైపు ఆడపిల్ల, అంటే నేను. మా కాలనీలోంచి కొండ కనబడదు. స్టీల్‌ప్లాంటు పొగగొట్టాలు కనబడతాయి. ఆ పొగలో సీతాఫలం వాసన నీకెలా తగిలిందని నేను వెక్కిరిస్తాను. ఇంటర్ రెండుసార్లు తప్పినదాన్ని కాబట్టి సైన్సు విషయంలో నాకు ధీమా ఎక్కువ. తీరా సాయంత్రం దువ్వాడ స్టేషను దగ్గరికి వెళితే, గంపలు దించుకుని కొండ ఆడవాళ్ళు కూర్చునే ఉంటారు.

కొన్న కాయల్ని మామ్మ బియ్యం డ్రమ్ములో దాస్తుంది, రెండు రోజుల్లో పండుతాయని. ఎన్ని దాచిందో ఎవరికీ చెప్పదు. ఎసరు పెట్టాక అమ్మ డ్రమ్ములో చెయ్యి పెడుతుంది, మెత్తగా ఏదో తగులుతుంది, కెవ్వుమంటుంది. ఏటా ఒకసారైనా అమ్మ అలా అరవకపోతే మా ఇంటికి ఆశ్వయుజం రానట్టే.

సీతాఫలం, ఉప్పేసి ఉడకబెట్టిన వేరుశనక్కాయ, పొయ్యిలో కాల్చిన చిలగడదుంప, ఇవన్నీ మామ్మకి చుట్టాలు. తేగ మాత్రం సొంత మనిషి. భాద్రపదంలో తాటిపళ్ళు తిన్నాక ఆ టెంకల్ని పారెయ్యనివ్వదు. వినాయకచవితి మర్నాడు మట్టిలో పరిచి, పైన మోకాలెత్తు మట్టి పోసి పాతర వేస్తుంది. లోపల మొలకలు నేలలోకి దిగి తేగలవుతాయి. నాగులచవితి పొద్దున్నే తవ్వాలి. మొదటి కట్ట పుట్టకి, ఆ తర్వాతే మనుషులకి. "సవితికి పెట్టి సవితికి తియ్యాల" అన్నది మామ్మ చట్టం. ఈలోగా చెయ్యి పెడితే తేగ చేదెక్కిపోతుందట. చిన్నప్పుడు ఒకసారి పాతర్లో వేలు పెట్టి చూశానని వారం రోజులు నాతో మాట్లాడలేదు. వేలే కదా పెట్టాను.

ఇంకో చట్టం కూడా ఉంది. తేగని నిలువునా చీలిస్తే మధ్యలో లేత ఆకు ఉంటుంది కదా, చందమామ. అది ఎవరింట్లోనైనా పిల్లలకిస్తారు. మా ఇంట్లో మాత్రం మామ్మది. "నాకు పళ్ళు నేవు కదే, మెత్తటిది నానే తినాల" అంటుంది. పళ్ళున్న రోజుల్లో కూడా ఆవిడే తినేదని నాన్న చెబుతాడు.

మామ్మ పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. ప్లాంటు గోడ లోపలికి వెళ్ళిపోయింది. మీ పొలం ఎక్కడుండేది మామ్మా అని అడిగితే, మేడ మీదికి తీసుకెళ్ళి పొగగొట్టాల వైపు చెయ్యి చాపి, "అదిగో, ఆ రెండో గొట్టం కింద" అంటుంది. అబద్ధమేమోనని చాలాసార్లు అడిగి చూశాను. ఎప్పుడూ రెండో గొట్టమే. ఆ ఊరి తాలూకు గోడ బయట మిగిలింది ఒక్కటే. అచ్యుతాపురం వెళ్ళే రోడ్డు పక్కన, ఒకప్పుడు వాళ్ళ నాన్న గట్టు మీద ఉన్న తాడిచెట్టు. దాని పేరు బెల్లంతాడి. దాని తేగకి పీచుండదని, చేదన్నది తెలియదని మామ్మ గొప్ప. ఏటా ఆ చెట్టు పళ్ళే తెచ్చుకునేది. బజారు తేగల్ని చూస్తే, "అవి తేగలేటి, తాళ్ళు. మంచం అల్లుకోండి" అనేది.

ఈ ఏడు శ్రావణమాసం చివర రోడ్డు వెడల్పు చేస్తూ బెల్లంతాడిని కొట్టేశారు.

ఆ దారిన ఆటో తోలే దొరబాబు బాబాయి ఫోను చేసి చెప్పాడు. మేం వెళ్ళేసరికి చెట్టు అడ్డంగా పడి ఉంది. మామ్మ ఏడుస్తుందేమో, ఎలా ఊరుకోబెట్టాలా అని నేను దారంతా ఆలోచించుకున్నాను. ఆవిడ ఏడవలేదు. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, "గెలలు తిన్నగా దించీసి అప్పుడు నరకలేరేటిరా, సచ్చినోళ్ళారా!" అని పనివాళ్ళ మీద విరుచుకుపడింది. వాళ్ళు భయపడి, పనాపి తాటిపళ్ళు ఏరిపెట్టారు. రెండు గోనెసంచులయ్యాయి. ఆటోలో సంచుల మీద నేను కూర్చున్నాను. మామ్మ వెనక్కి తిరిగి చూడలేదు గానీ, గాజువాక వచ్చేదాకా ఒక పండుని ఒళ్ళో పెట్టుకుని నిమురుతూనే ఉంది.

అవే ఆఖరి టెంకలు. వాటి తేగ ఒక్కసారి నోట్లో పడితే చాలన్నది మామ్మ కోరిక. ఆ మాట మా ఎవరితోనూ అనలేదు. వినాయకుడితో అంటుంటే నేను పక్కనుండి విన్నాను.

చిక్కు వచ్చింది పాతర దగ్గర. బురదగా ఉంటోందని నాన్న వేసవిలోనే పెరడంతా సిమెంటు చేయించేశాడు. మామ్మ కన్ను పక్క ఖాళీ ప్లాటు మీద పడింది. ఎనిమిదేళ్ళ క్రితం ఎవరో గోదావరి వాళ్ళు కొని వదిలేసిన స్థలం. మనిషెత్తు తుప్పలు. చవితి మర్నాడు మధ్యాహ్నం కాలనీ అంతా కునుకు తీస్తున్నప్పుడు మేమిద్దరం ఆ తుప్పల్లో దూరి, ఈశాన్యం మూల పాతర వేశాం. కాలనీ పిల్లలకి తెలిస్తే ఒక్క టెంక మిగలదని, ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది. దేవుడి మీద ఒట్టయితే నేను లెక్కచెయ్యనని తెలుసు, అందుకని నా ఫోను మీద వేయించింది.

అన్నీ బాగానే జరిగేవి. దసరా నాలుగు రోజులుందనగా ప్లాటువాళ్ళు దిగారు.

భీమశంకరరావుగారని, పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి. ఆయన భార్య కాంతంగారు. కూలివాళ్ళని పెట్టి పొద్దున్నుంచి సాయంత్రానికి తుప్పలన్నీ కొట్టించేశారు. పాతర బయటపడింది. వానలకి అణిగి, పైన గడ్డి మొలిచి, ఒక గుండ్రటి దిబ్బలా ఉంది. మామ్మ మా గోడకి చెవి ఆనించి నిలబడింది. కళ్ళు మాత్రం ఆరేసిన మిరపకాయల మీద ఉన్నాయి, ఎవరైనా చూస్తే అనుమానం రాకుండా.

"దసరా నాడు తొమ్మిదిన్నరకి ముహూర్తం కాంతం. జేసీబీ ఎనిమిదింటికల్లా వచ్చేస్తుంది. ఈశాన్యం మూలే ముందు తవ్వాలంట" అన్నాడాయన.

"ఈ దిబ్బేంటండి?"

"ఏదో మట్టి. అదే లేపేస్తుందిలే."

మామ్మ ఇంట్లోకి వచ్చి మంచం మీద కూలబడింది.

"అడిగితే పోలా మామ్మా? నాగులచవితి దాకా ఆగమను" అన్నాను.

"అడిగితే నేదంటాడు. నేదన్నాక తవ్వితే దొంగతనం. అడక్కుండా తవ్వితే మతిమరుపు."

"పోనీ ఇప్పుడే తవ్వేసి ఇంకోచోట పాతుదాం."

"మొలక తిరిగిన టెంకని కదిపితే చేదెక్కిపోద్దే. నీకెన్నిసార్లు సెప్పాల?" అని కాసేపు పైకప్పు చూసింది. తర్వాత మెల్లగా, "మనిషి ఆగమంటే ఎవడూ ఆగడు. నాగుపావు ఆగమంటే ఆగుతాడు" అంది.

తుప్పలు నరుకుతుంటే కూలివాళ్ళకి ఒక పాము కుబుసం దొరికింది. గోడ మీద పడేసి పోయారు. మామ్మ అది తీసి కొంగులో చుట్టుకుంది. మిగతా సామాను నేనే సమకూర్చాను, దాచను. పసుపూ కుంకుమా దేవుడి గూట్లోవి. గుడ్డు ఆమ్లెట్ కోసం నేను దాచుకున్నది. మర్నాడు సూర్యుడు రాకముందే వెళ్ళి రోకలితో దిబ్బకి రెండు కన్నాలు పొడిచాను. మామ్మ పసుపు చల్లి, కుంకుమ పెట్టి, గుడ్డు కన్నం ముందు ఉంచి, కుబుసాన్ని ఒక కన్నంలోకి సగం దోపి, సగం బయటికి వదిలింది. అయిదడుగులు వెనక్కి వేసి చూసి, తలూపింది. నిజం చెప్పొద్దూ, నాకే దణ్ణం పెట్టాలనిపించింది.

ఎనిమిదింటికి స్కూటరు మీద వచ్చిన కాంతంగారు అది చూసి, చేతిలో ఉన్న సంచీ అక్కడే వదిలేసింది.

"ఏవండీ! నాగేంద్రస్వామండీ! చెప్పుల్తో రాకండీ!"

భీమశంకరరావుగారు వంగి చూశాడు. "నిన్న మట్టిదిబ్బే కదే ఇది."

"మనకి కనపడలేదు, కనపడాలని ఇవాళ కనపడ్డారు" అందావిడ, చెంపలు వేసుకుంటూ. సిద్ధాంతిగారికి ఫోను చేశారు. నాగులచవితి వెళ్ళేదాకా మట్టి ముట్టుకోవద్దని ఆయన చెప్పాడు. గోడ ఇవతల మామ్మ నన్ను గిల్లింది. ఆనందం వస్తే ఆవిడ గిల్లుతుంది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

ఆ రోజు మామ్మ రెండు సీతాఫలాలు తిని, గింజలు తుపుక్కున ఊస్తూ, "పెద్ద సదువులు సదివినోళ్ళు కూడా ఇంత తెలివి సెయ్యలేరే" అని తనని తానే మెచ్చుకుంది. ఆ మెప్పు మూడు రోజులు నిలిచింది.

మా వీధిలో పుట్ట వెలిసిందన్న మాట కాలనీ అంతా పాకింది. ముందు ఎదురింటి సీతాలు వచ్చింది, పాలప్యాకెట్టుతో. తర్వాత ఆ పక్కవాళ్ళు, ఆ వెనకవాళ్ళు. కన్నం నేను వెడల్పుగా పొడిచాను గదా, పాలు చక్కగా లోపలికి దిగిపోయేవి.

"సీతాలూ, సుక్క పొయ్యవే సాలు! అంతేసి పోస్తే నాగరాజుకి అరగదు" అని మామ్మ గోడ మీంచి మొత్తుకునేది.

"నీకేల అత్తా బాధ? పాలు నావి, పుట్ట దేవుడిది."

"కుళ్ళిపోద్దే!"

"ఏటి కుళ్ళిపోద్ది?"

"పుణ్యం" అని లోపలికి వచ్చేసేది మామ్మ.

రాత్రి అన్నాల దగ్గర నేను ఆవిడ కంచం పక్కన మజ్జిగ పెడుతూ, "మామ్మా, నీ తేగలు ఇవాళ రెండు లీటర్లు తాగాయి. టీ కూడా అలవాటు చేద్దామా?" అన్నాను. మజ్జిగగ్లాసు నా మీదికే వచ్చింది.

అందరికంటే శ్రద్ధగా పోసింది కాంతంగారు. కంచరపాలెం నుంచి రెండు ఆటోలు మారి రోజూ వచ్చేది. పాలు పోశాక మా గుమ్మంలో కూర్చుని అలుపు తీర్చుకునేది. మామ్మ మొదట్లో ముభావంగా ఉండేది. కానీ ఇంటికొచ్చిన మనిషికి ఏదో ఒకటి తినిపించకుండా పంపడం మామ్మకి చేతకాదు. డ్రమ్ములోంచి సీతాఫలం తీసి, కన్ను విచ్చిందో లేదో వేలితో చూసి, చీల్చి చేతిలో పెట్టేది. కాంతంగారు తింటూ వాళ్ళ కోనసీమ కబుర్లు చెప్పేది. వాళ్ళ వైపు తాటిపండుతో రొట్టె కాలుస్తారని ఆవిడ, మా వైపు బూరెలు వండుతారని మామ్మ, ఏది గొప్పో తేలక ఇద్దరూ రోజూ ఒక గంట పోట్లాడుకునేవారు. మామ్మకి ఎదురుచెప్పే మనిషి ఇన్నాళ్ళకి దొరికింది. పదకొండు దాటితే వీధి మొదట్లోకి చూస్తూ, "ఆ గోదారావిడ ఇంకా రానేదేటి?" అనేది.

అట్లతద్ది నాడు కాంతంగారు పెద్ద స్టీలు గిన్నెతో వచ్చింది. ఆ రోజంతా ఉపవాసం, అయినా తెల్లారి లేచి మినప్పిండి అట్లు పోసుకొచ్చింది. పదకొండు అట్లు, పైన బెల్లం పాకం, తమలపాకులు. మామ్మని కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళకి పసుపు రాసి, వాయనం ఒళ్ళో పెట్టింది.

"పిన్నిగారూ, మా అమ్మ పోయాక ఇలా పెద్దావిడకి ఇవ్వడం ఇదే. కాదనకండి."

"నాకేలమ్మా ఇంత" అంది మామ్మ.

"మీ పక్కన ఇల్లు కట్టుకుంటాం, రోజూ మీ దగ్గర కూర్చోవచ్చు అనుకున్నానండి. రాసిపెట్టి లేదు" అంటూ కాంతంగారు కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పుట్ట ఉన్న చోట ఇల్లు కట్టకూడదంటున్నారు. నాగేంద్రుడి చోటు మనకెందుకు, అమ్మేద్దామంటున్నారాయన. నేనూ సరేనన్నాను. దీపావళి మర్నాడు కొనేవాళ్ళు వస్తారు."

"మరి మీరు?"

"ఉన్నచోటే ఉంటామండి. మూడో అంతస్తు. లిఫ్టు లేదు. ఆయన ముప్ఫయ్యేళ్ళు క్రేను మెట్లు ఎక్కీ దిగీ మోకాళ్ళు అరగ్గొట్టుకున్నారు. రిటైరయ్యాక ఒక్కటే కోరికండి, గుమ్మం దాటితే నేల తగలాలని. ఇప్పుడు పాల ప్యాకెట్టుకి దిగాలంటే మధ్యలో రెండుచోట్ల కూర్చుంటున్నారు. నేను చూడనట్టు వంటింట్లో ఉంటాను."

ఆవిడ వెళ్ళాక నేను గిన్నె మూత తీశాను. అట్లు జల్లెడలా పొంగి, అంచులు ఎర్రగా ఉన్నాయి. మామ్మ ఒక అట్టు తుంచి పాకంలో ముంచింది. నోటి దాకా తీసుకెళ్ళి, మళ్ళీ గిన్నెలో పెట్టేసింది.

నాకు భయం వేసింది. తాతయ్య పోయిన నాడు కూడా మూడింటికల్లా "కాసింత సద్దన్నం ఉంటే పెట్టండే" అన్న మనిషి.

"సవితికి ఇంకా ఎన్ని రోజులే?" అని అడిగింది.

లెక్కపెట్టి చెప్పాను. పదహారు.

"పదారు రోజులు నోరు మూసుకుంటే..." అని ఆగిపోయింది.

"దీపావళి మర్నాడే అమ్మేస్తామన్నారు కదా."

"నాకు సెవుడేటి? ఇన్నాను" అని కసిరి, అటు తిరిగి పడుకుంది. అట్లన్నీ నేనే తిన్నాను. చాలా బాగున్నాయి, ఆ మాట అప్పుడు అనలేదు.

ఆ తర్వాత పది రోజులూ మామ్మ ముక్కు పనిచెయ్యలేదు. డ్రమ్ములో సీతాఫలాలు మాగి, పులిసి, బియ్యం అంతా వాసన కొట్టింది. అమ్మ ఈసారి కెవ్వుమనలేదు, నిజంగా తిట్టింది. మామ్మ పొద్దున్నే గోడ దగ్గర నిలబడి పాతర కేసి చూసేది. కాంతంగారు వచ్చే వేళకి ఒంట్లో బాగులేదని లోపల పడుకునేది. నేను బయటికి వెళ్ళి, "మామ్మకి జ్వరం" అని చెప్పేదాన్ని. మర్నాడు ఆవిడ మిరియాల కషాయం కాచి తెచ్చింది. మామ్మ అది తాగాల్సి వచ్చింది. లేని జ్వరానికి చేదు కషాయం తాగుతున్న మామ్మ మొహం చూస్తే నవ్వాలో జాలిపడాలో తెలియలేదు, రెండూ చేశాను.

నరకచతుర్దశి పొద్దున, తలంట్లు అయ్యాక, కాంతంగారూ భీమశంకరరావుగారూ ఇద్దరూ వచ్చారు. స్థలం చెయ్యి మారబోతోంది కదా, చివరిసారి పాలు పోసి క్షమించమని అడుగుదామని. సీతాలూ ఇంకో నలుగురు ఆడవాళ్ళూ కూడా చెంబులతో చేరారు. నాగులచవితికి ఇంకా అయిదు రోజులుంది. కాంతంగారు పుట్ట ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "స్వామీ, తెలియక నీ చోటులోకి వచ్చాం" అంటోంది. ఆయన కూర్చోలేక, స్కూటరు పట్టుకుని నిలబడి, తల వంచుకున్నాడు.

మామ్మ మంచం మీంచి లేచింది. పెరట్లోకి వెళ్ళి గునపం తీసింది.

"మామ్మా, అయిదు రోజులే" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

"రా. కత్తి కూడా అట్రా" అంది.

గునపంతో వస్తున్న మామ్మని చూసి సీతాలు చెంబు వదిలేసింది. "ఓలమ్మో! అత్తా! పుట్ట మీదికి గునపవేటి! కళ్ళు పోతాయే!"

కాంతంగారు లేచి మామ్మ చెయ్యి పట్టుకుంది. "పిన్నిగారూ, వద్దండి. మీకు ఒంట్లో బాగులేదు."

"ఒంట్లో బానే ఉందమ్మా. బుద్ధే బాగునేదు. ఒగ్గు" అంది మామ్మ. "ఇది పుట్ట కాదు. నా తేగల పాతర. మీ తలంలో దొంగగా పాతినాను. మిసిను వస్తాదని పసుపు నానే పూసినాను. కన్నాలు ఈ గుంట పొడిసింది."

నా సంగతి ఆ సందర్భంలో అక్కర్లేదు. అయినా చెప్పింది.

మామ్మ ఒక్క క్షణం గునపం ఆపింది. చవితికి పెట్టి చవితికి తియ్యాలి. డెబ్బై రెండేళ్ళలో ఒక్కసారి కూడా ముందు తియ్యలేదు. "బాబూ, అయిదు రోజులు తక్కువైంది" అని ఎవరితోనో అనుకుని, గుచ్చింది.

పుల్లటి పాల వాసన గుప్పుమంది. పైవరస టెంకలు సగం కుళ్ళిపోయాయి. మామ్మ చేతులతో మట్టి తోడుతూ పోయింది. కింద వరసల్లో బాగున్నాయి. వేలెడు లావు తెల్లటి తేగలు, మట్టి పూసుకుని, పసిపిల్లల కాళ్ళలా ఒకదాని మీద ఒకటి. మామ్మ ఒక టెంకని రాయి మీద పెట్టి కత్తితో రెండు చెక్కలు చేసింది. లోపల దూదిలాంటి బుర్రగుంజు నిండా ఉంది. వేలితో పెకలించి కాంతంగారి ముందు పట్టుకుంది.

"మా పుట్టింటి సెట్టమ్మా. ఆ సెట్టు ఇప్పుడు నేదు. ఇదే ఆకరు. ఒకసారి తిందుమనుకున్నాను. ఆ ఆశకి మీ ఇల్లు ఆపీసినాను. తిట్టు. తిట్టీసి తిను."

కాంతంగారు తిట్టలేదు, తీసుకోనూ లేదు. అలాగే చూస్తూ నిలబడింది. మామ్మ చాపిన చెయ్యి దించలేదు. అప్పుడావిడ అందుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది.

"బుర్రగుంజు" అంది చిన్నగా. "ఏవండీ, బుర్రగుంజండీ! మా నాన్న కత్తితో కొట్టి ఇచ్చేవారు, మేం అయిదుగురం వరసగా కూర్చునేవాళ్ళం." అని ఏడుపో నవ్వో తెలియకుండా మామ్మ భుజం మీద తల పెట్టేసింది.

భీమశంకరరావుగారు కుంటుకుంటూ దగ్గరికొచ్చాడు. "పెద్దమ్మగారూ, ఒక్క మాట నాకు చెప్పుంటే..."

"సెప్తే ఆపీవోడివేటి నాయనా?"

ఆయన ఆలోచించాడు. "లేదండి. ఆపేవాణ్ణి కాదు."

"మరదే."

"మరి ఆ కుబుసం?"

"అది మాత్రం అబద్దం కాదు బాబూ. ఈ తుప్పల్లోదే."

ఆయన మోకాళ్ళు బాగులేవన్నది మరిచిపోయి రెండు గెంతులు వేశాడు. అందరికంటే ముందు కాంతంగారు నవ్వింది.

తేరుకున్నది సీతాలు. "అయితే అత్తా, నాను ఇన్నాళ్ళు పోసిన పాలేటి? దేవుడికి సెందనేదా?"

"తేగలకి సెందినాయే."

"అయితే ఆ తేగలు నావే" అని కొంగు పట్టింది. ఆవిడ వెనక ఇంకో నాలుగు కొంగులు. పాలు పోసిన ప్రతివాళ్ళూ అది ప్రసాదమేనని తేల్చేశారు. వీధి చివరి నుంచి పిల్లలు పరిగెత్తుకొచ్చారు. మామ్మ ఎవరినీ కాదనలేదు. కట్టలు కట్టి పంచింది. భీమశంకరరావుగారికి పెద్ద కట్ట. అరగంటలో గొయ్యి ఖాళీ. రెండు సంచుల బెల్లంతాడి వీధి వీధంతా నములుతోంది, మామ్మ చేతిలో మాత్రం మట్టి తప్ప ఏమీ లేదు.

ఇంటికొచ్చాక, "మామ్మా, నేను వెళ్ళి సీతాలత్త దగ్గర ఒకటి అడుక్కొస్తాను" అన్నాను.

మామ్మ తలుపు దగ్గరికి వేసింది. నడుం దగ్గర చీర మడత విప్పింది. ఒక తేగ బయటికి వచ్చింది.

"సన్యాసమ్మా!" అన్నాను.

"నోర్మూసుకుని పొయ్యి ఎలిగించు."

గ్యాసు మంట మీద తిప్పి తిప్పి కాల్చాను. తోలు నల్లబడి, తియ్యటి కమురు వాసన వచ్చింది. మామ్మ తోలు వొలిచి, గోటితో నిలువునా చీల్చింది. మధ్యలో చందమామ, వెంట్రుకంత సన్నంగా. చవితి దాకా ఆగి ఉంటే ఇంకాస్త ఎదిగేది. మామ్మ దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని చూసి, నావైపు చూసి, తన నోట్లోనే వేసుకుంది. నేను మొదటినుంచీ ఆశ పెట్టుకోలేదు లెండి. తర్వాత తేగ ముక్క బుగ్గన పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఉన్న నాలుగు పళ్ళతో చాలాసేపు నమిలింది.

"బెల్లమేనా మామ్మా?"

కళ్ళు తెరవకుండానే, "సప్పగున్నాది. ముండలు పాలు పోసి పోసి తగలేసినారు" అంది.

కానీ నా వాటా ముక్క కోసం చెయ్యి చాపింది. ఇచ్చేశాను. అది కూడా నమిలింది. పీచు లేదన్నది మాత్రం నిజం, ఊసెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

ఈ ఏడు నాగులచవితికి బజారు తేగలు కొని, చెరువు గట్టు మీది అసలైన పుట్టకి తీసుకెళ్ళాం. మామ్మ నువ్వుల చిమ్మిలి పెట్టి, పాలు పోసి, రెండు చెవులూ పట్టుకుని నిలబడింది. ఎంతకీ వదలదు. వెనక వరసలోవాళ్ళు గొణిగితే నేనే లాక్కొచ్చాను.

పంచమి నాడు పక్క ప్లాటులో జేసీబీ దిగింది. ముహూర్తం అయ్యాక కాంతంగారు పులిహోర తెచ్చి మా గుమ్మంలో కూర్చుంది.

"పిన్నిగారూ, వెనక వైపు పది అడుగులు మట్టి అలాగే ఉంచమన్నానండి మేస్త్రీకి. వచ్చే భాద్రపదానికి మా కోనసీమ నుంచి టెంకలు తెప్పిస్తాను. అక్కడ వెయ్యండి పాతర."

"గోదారి తాటికి ఏటి రుచుంటాదమ్మా" అంది మామ్మ, పులిహోరలో మిరపకాయ ఏరి పక్కన పెడుతూ. "అన్నీ నీళ్ళే."

"తిని చూసి చెప్పండి."

"సూద్దుంలే. అప్పటికి నా పళ్ళుంటే."

సాయంత్రం బట్టలు తియ్యడానికి మేడ ఎక్కాను. దండెం మీద నా చుడీదార్ల పక్కన, మామ్మ ఉతికి పిండిన ఆ రెండు తాటిపళ్ళ గోనెసంచులు ఆరుతున్నాయి.